శ్రీపర్వతం నీడలో రతనాల మందు

విజయపురి సౌత్ లాంచి స్టేషన్‌లో టికెట్టు చేతికి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. పల్నాడు ఎండ ఇది, తొమ్మిదింటికే నడినెత్తికి వచ్చినట్టు ఉంటుంది. మీరు మెట్లు దిగి, పలక మీదుగా లాంచిలోకి అడుగేస్తారు. "జాకెట్టు తొడుక్కోండి సార్, ఫొటోలు తర్వాత" అని కుర్రాడు కేకేస్తాడు. ఇంజను గుడగుడలాడుతుంది. గుంటూరు నుంచి బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చిన పంతులమ్మ తలలు లెక్కపెట్టుకుంటోంది. పక్క బెంచీలో తెల్లబట్టలు కట్టుకున్న పెద్దాయన కుడిచేతి వేళ్లకు వరసగా రాళ్ల ఉంగరాలు. పగడం, ముత్యం, కనకపుష్యరాగం. చెయ్యి కదిలినప్పుడల్లా పగడం మీద ఎండ పడి మెరుస్తోంది.

సుమారు 11 కిలోమీటర్ల దారి. ఒడ్డు దాటాక నీళ్లు ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి తిరుగుతాయి. మీ కాళ్ల కింద ఒక రాజధాని ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అది. శాసనాల్లో ఇక్కడి కొండ శ్రీపర్వతం పేరూ విజయపురి పేరూ జంటగా కనిపిస్తాయి. మీరు బస్సు దిగిన కాలనీకి పేరు అక్కడి నుంచే వచ్చింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభం చూసి కబురు పెట్టాడు. మద్రాసు శాసన విభాగం నుంచి ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. ఆ తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. మునిగిపోయే లోయను మునిగేలోపే తవ్వి తీయాలన్న తొందరలో ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 దాకా పనిచేసింది. అక్కడున్న పుల్లారెడ్డిగూడెం అనే ఊరు నీటి అడుక్కు పోయింది. దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. లాంచి ఇప్పుడు ఆనుకుంటున్నది ఆ కొండనే. ఆ నాగార్జునకొండ ఇప్పుడు దీవి.

మ్యూజియం 1966లో తెరిచారు. విహారం తీరున కట్టిన భవనం. లోపలికి అడుగుపెట్టగానే చల్లదనం ముఖానికి తగులుతుంది. పిల్లలు నిలువెత్తు బుద్ధుడి దగ్గరికి పరుగెత్తుతారు. మీరు గాజు పెట్టెల దగ్గర ఆగండి. ధాతువులు దాచిన కరండాలు, పూసలు, నగలు ఉన్నాయి. గాజు మీద మీ ఊపిరి పడేంత దగ్గరగా వంగితే పూసల్లో దారం కోసం తొలిచిన రంధ్రాలు కనిపిస్తాయి. వెంట్రుకంత సన్నం. గట్టి రాయిలో అంత సన్నని తొర్ర వేయడానికి ఎన్ని రోజులు పట్టిందో, ఆ చేతివేళ్లు ఎంత నొప్పిపెట్టాయో ఆలోచిస్తే అడుగు ముందుకు పడదు.

ఇక్కడి పెద్ద స్తూపాన్ని, మహాచైత్యాన్ని, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి, ఆయన కొడుకు వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట నిలబెట్టింది. 106 అడుగుల అడ్డుకొలత. లాంగ్‌హర్స్ట్ దాని లోపలి గదులు తవ్వినప్పుడు ఒకచోట పగిలిన మట్టికుండ దొరికింది. అందులో స్తూపం ఆకారంలో చిన్న వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క. చుట్టూ బంగారు పూలు, ముత్యాలు, గోమేధికం జాతివే అయిన ఎర్రరాళ్లు, స్ఫటికాలు. ఆ ధాతువు తర్వాత సారనాథ్ వెళ్లిపోయింది. పుణ్యపురుషుడి ఎముక పక్కన ముత్యం ఎందుకు పెట్టారు? కుళ్లనిది, చెడనిది, కాలం తినలేనిది అని నమ్మినదాన్ని ఆయన పక్కన పెట్టారు. రాయిలో ప్రాణాన్ని కాపాడే గుణం ఏదో ఉందన్న నమ్మకం ఈ కుండలో ఉంది. రోగికి రతనాల మందు ఇచ్చినవాళ్ల నమ్మకమూ అదే.

ఈ లోయలో దొరికిన శాసనాల్లో ఇంకో మాట ఉంది. విగతజ్వరాలయం. జ్వరం విడిచినవాళ్లు కోలుకునే చోటు అని పండితులు చదివారు. మూడో శతాబ్దపు విహారంలో జబ్బుపడినవాళ్లకు విడిగా ఒక చోటు! కృష్ణ ఒడ్డున, వానాకాలం చలిజ్వరంతో వణుకుతున్న భిక్షువును చాప మీద పడుకోబెట్టి, గంజి తాగించి, తడిగుడ్డ వేసిన చేతులు ఈ నేల మీదే తిరిగాయి. చెప్పాలంటే నాగార్జునకొండ వైద్యం గురించి నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ ఒక్క మాటే. రతనాలూ రసవాదమూ దీని తర్వాతే.

కొండకు పేరు పెట్టిన నాగార్జునుడి సంగతి చిక్కుముడి. శూన్యవాదం చెప్పిన మాధ్యమిక నాగార్జునుడు రెండో శతాబ్దం నాటివాడు. రసేంద్రమంగళం, రసరత్నాకరం లాంటి రసశాస్త్ర గ్రంథాలు ఆ పేరుకే ముడిపడినా, అవి రాసినవాడు కొన్ని వందల ఏళ్ల తర్వాతి సిద్ధుడని పరిశోధకుల అభిప్రాయం. కథలు మాత్రం ఇద్దర్నీ ఒక్కడిని చేశాయి. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ అప్పటికే నాగార్జునుడు మందు తెలిసినవాడని, సాతవాహన రాజుకు ఆయుష్షు పెంచాడని రాశాడు. కథాసరిత్సాగరంలో ఆయన చిరాయువు అనే రాజుకు మంత్రి. రసాయనం చేసి తానూ రాజూ వందల ఏళ్లు బతికేలా చేస్తాడు. సింహాసనం ఎప్పటికీ దక్కదని తెలిసిన యువరాజు వచ్చి తల దానం అడిగితే ఇచ్చేస్తాడు. చావును జయించిన వైద్యుడు అడిగినవాడికి తన ప్రాణమే ఇచ్చాడన్నమాట. తర్వాతి కాలపు నిత్యనాథ సిద్ధుడు రాసిన మరో రసరత్నాకరంలో శ్రీశైలం కొండల్లో ఏ రాయి ఎక్కడుందో, ఏ గుంట నీళ్లు ఏం చేస్తాయో వివరంగా ఉంది. ఆ కొండలూ ఈ కృష్ణ ఒడ్డువే. ఎగువన శ్రీశైలం, దిగువన ఇది. మందు రాళ్లను వెతికే కళ్లకు ఈ నల్లమల అంతా ఒకే దుకాణం.

తిరుగు లాంచిలో గాలి ఎదురుకొడుతుంది. ఒడ్డున వేయించిన చేపల వాసన. మీరు తిని, బస్సెక్కి, మాచర్ల వైపు ఒక ఊళ్లో దిగుతారు. రసౌషధాలు ఇంకా చేతితో చేసే ఒక వైద్యుడి ఇల్లు అది. వసారాలో నల్లరాతి కల్వం. పడవ ఆకారంలో ఉంటుంది. దాని ముందు ఆయన కూర్చుని, రెండు చేతులతో రోకలి పట్టుకుని, ముందుకూ వెనక్కూ నూరుతున్నాడు. "కూర్చో నాయనా" అంటాడు, తల ఎత్తకుండా.

కల్వంలో ఉన్నది పగడం. ముక్కలుగా తెచ్చినప్పుడు ఎర్రగా, కొమ్మలు విరిచినట్టుంది. ముందు దాన్ని గుడ్డలో మూట కట్టి, కర్రకు వేలాడదీసి, కుండలో క్షారజలం పోసి ఉడికించాడు. మూట అడుగుకు తగలకూడదు, నీళ్లలో ఊగుతూ ఉండాలి. అందుకే దాన్ని డోలాయంత్రం అంటారు. ఇది శుద్ధి. ప్రతి రాయికీ శుద్ధి వేరు. రసరత్నసముచ్చయం చెప్పిన వరస వైద్యుడికి కంఠతా వచ్చు: కెంపుకు పులుపు రసం, ముత్యానికి జయంతి ఆకు రసం, పచ్చకు ఆవుపాలు, పుష్యరాగానికి ఉలవల కషాయం కలిపిన పులిసిన కడుగు, వజ్రానికి ముళ్ల తోటకూర రసం, నీలానికి నీలిమొక్క రసం, గోమేధికానికి గోరోచనం నీళ్లు, వైడూర్యానికి త్రిఫల కషాయం. ఆయన చెబుతుంటే చెవి పెట్టి వినండి. ఇందులో సగం మీ వంటింట్లోనో పెరట్లోనో ఉన్నవే.

శుద్ధయిన పగడాన్ని దంచి, కలబంద గుజ్జు పోసి నూరుతున్నాడు. రోకలి కింద మొదట్లో కరకరలాడుతుంది. గంట గడిచేసరికి ఆ చప్పుడు మెత్తబడి, తర్వాత వినిపించడం మానేస్తుంది. ఆయన వేలితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసుకుంటాడు. "ఇంకా గరుకుంది. రేపు మళ్లీ నూరాలి."

నూరిన ముద్దను బిళ్లలు చేసి నీడన ఆరబెడతాడు. ఆరాక రెండు మట్టిమూకుళ్లు మూతికి మూతి కలిపి, లోపల బిళ్లలు పెట్టి, చీలమన్ను చేసి సందు మూసేస్తాడు. పెరట్లో పుటం పెట్టే గుంట. కింద పిడకలు, మధ్యలో మూకుళ్లు, పైన మళ్లీ పిడకలు. నిప్పు పెట్టాక పొగ తెల్లగా లేచి, దడి దాటి పక్కింటి వేపచెట్టులోకి పోతుంది. పక్కింటామె తిట్టదు. ఆమె అత్తగారు కూడా ఈ పొగ చూస్తూ పెరిగినదే. నిప్పు దానంతట అది చల్లారాలి. నీళ్లు చల్లకూడదు, కెలకకూడదు. తెల్లవారాక మూకుడు మూత తీస్తే ఎర్రని పగడం పోయింది. తెల్లని పొడి మిగిలింది. అదే భస్మం.

ఇప్పుడు పరీక్ష. చిటికెడు బూడిద తీసి మీ వేళ్ల మధ్య పెట్టి రుద్దమంటాడు. రుద్దండి. అది వేలిముద్ర గీతల్లోకి ఇంకిపోయి, తుడిచినా పోదు. దీన్ని రేఖాపూర్ణం అంటారు. తర్వాత ఇత్తడి చెంబులో నిలకడగా ఉన్న నీళ్ల మీద ఇంకో చిటికెడు చల్లుతాడు. మునగదు, తెల్లటి పొరలా తేలుతుంది. ఇది వారితరం. మునిగితే మళ్లీ నూరుడు, మళ్లీ పుటం. రోగి నాలిక మీద పడేలోపు పగడం ఇంత పని దాటి రావాలి. ఇచ్చేటప్పుడు మోతాదు గింజలంత, అనుపానం తేనో నెయ్యో వెన్నో. ఎవరికి ఏది, ఎన్నాళ్లు అన్నది రోగిని చూశాక చెప్పే మాట.

"ఎవరికిస్తారు ఎక్కువ?" అని మీరు అడుగుతారు.

"అమ్లపిత్తం ఉన్నవాళ్లకు. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు." కల్వం పక్కకు జరుపుతాడు. "ముత్యమూ అంతే. కొనలేనివాళ్లకు ముత్యపుచిప్ప."

ఈ ఒక్క సంగతిలో పాత వైద్యమూ నేటి రసాయనశాస్త్రమూ చెయ్యి కలుపుతాయి. ముత్యం, ముత్యపుచిప్ప, పగడం మూడూ ఎక్కువ పాళ్లు కాల్షియం కార్బొనేటు. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే అది ఆమ్లాన్ని విరిచి, తాను కాల్షియం క్లోరైడుగా మారి, వాయువును వదులుతుంది. మందులషాపులో కొని చప్పరించే పుల్లతేన్పుల బిళ్లల్లో కొన్నిటిలో ఉండేదీ అదే పదార్థం. పుటంలో పగడం తెల్లబడటానికి కారణం దాని ఎరుపు సేంద్రియ వర్ణకం కావడం, అది మంటకు కాలిపోవడం. మ్యూజియంలో మీరు చూసిన జాతక శిల్పాలు, స్తూపం దగ్గర నిలిపే ఆయక స్తంభాలు చెక్కింది పల్నాటి సున్నపురాయిలో. ఆ రాయీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. ఇప్పుడు మాచర్ల, దాచేపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకుపోతున్నదీ ఆ రాయినే. చాంతిసిరి చైత్యపు ఆయక స్తంభాలు, ధాతువు పక్కనున్న ముత్యం, వైద్యుడి చెంబులో తేలిన పొడి ఒకే జాతి పదార్థం.

పగడం ఈ గడ్డది కాదు. మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, మన దేశపు ముత్యాలకు రోమన్లు ఎంత విలువిస్తారో, భారతీయులు పగడానికి అంత విలువిస్తారని, దాన్ని ఆపదలు తొలగించే రక్షగా ధరిస్తారని రాశాడు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఓడల్లో సరుకుతో పాటు నమ్మకాలు కూడా ప్రయాణించాయి.

కెంపు, పచ్చ, వజ్రం విషయం వేరు. కెంపు అల్యూమినియం ఆక్సైడు, ఎరుపు క్రోమియం వల్ల. కడుపులోని ఆమ్లానికి అది కరగదు. వజ్రం అసలే కరగదు. వజ్రాలకు ఈ జిల్లా కొత్తది కాదు. కృష్ణ ఒడ్డునే కొల్లూరు గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. ఎండలో గంపలతో మట్టి మోసిన ఆ ఆడవాళ్లకు, పిల్లలకు జ్వరం వస్తే వజ్రభస్మం ఎవరిచ్చారు? ఖరీదైన రాయితో వైద్యం రాజులదీ శ్రీమంతులదీ. మట్టి మోసినవాళ్లకు అందింది అడవి వేళ్లూ ఆకులూ, వాటి గుణం తెలిసిన ముసలమ్మల చేతి కషాయాలూ.

వైద్యుడి ఇంట్లో ఇంకో సీసా ఉంది. వసంతకుసుమాకర రసం. తెలుగు ఊళ్లలో షుగరు వ్యాధికి చాలామంది అడిగి తీసుకునేది. ఇందులో పగడం, ముత్యం, బంగారం, వెండితో పాటు సీసం భస్మమూ, పాదరసంతో చేసిన రససింధూరమూ ఉన్నాయి. "ఇది నేను ఊరికే ఇవ్వను" అంటాడాయన, సీసా మూత బిగిస్తూ. ఆయన జాగ్రత్తకు కారణం ఉంది. 2004లో అమెరికా వైద్యసంఘం పత్రికలో రాబర్ట్ సేపర్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. పుటం సరిగా పడకపోతే, కొలత తప్పితే, కిడ్నీ బలహీనంగా ఉన్నవాడికి తెలియక ఇస్తే ఏమవుతుందో పాత వైద్యులకూ తెలుసు. భస్మం కచ్చాగా ఉంటే రోగం తెస్తుందని వాళ్ల గ్రంథాలే హెచ్చరించాయి.

మళ్లీ విజయపురి సౌత్ చేరేసరికి సాయంత్రం. టూరిస్టు బస్సులు ఆగే చోట ఒకతను వెల్వెట్ గుడ్డ పరిచి రంగురాళ్లు పెట్టాడు. లాంచిలో చూసిన తెల్లబట్టల పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నాడు. పక్కన యాభై ఏళ్ల ఆవిడ, ఆయన మరదలట. కాలి పుండు మానడం లేదు. షుగరు. రాళ్లతను లెక్క చెబుతున్నాడు: సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకు పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం. "అమ్మా, నీకు కుజుడు బాగాలేడు. ఆరు క్యారెట్ల పగడం, ఉంగరపు వేలికి, మంగళవారం పొద్దున. పుండు నలభై రోజుల్లో మూసుకుపోద్ది. ఆ మాత్రలతో పనేముంది?"

ఇక్కడ మీరు నోరు విప్పాలి. కల్వం ముందు కూర్చున్న మనిషి రాయిని శుద్ధి చేసి, కాల్చి, తూచి, రోగిని చూసి మందు చేశాడు. ఇక్కడ ఆ పని ఒక్కటీ లేదు. ఉంగరంలో రాయి చర్మం మీద ఉన్నంతకాలం రక్తంలోకి ఏమీ పోదు. పైగా ఇలా గుడ్డ మీద అమ్మే కెంపుల్లో చాలావరకు 1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నూయి ప్రకటించిన పద్ధతిలో కొలిమిలో పోసినవి. పదకొండో శతాబ్దంలోనే అల్ బిరూనీ అనే పండితుడు పచ్చరాయి చూస్తే పాముకు కళ్లు పోతాయన్న మాట నిజమేనా అని పరీక్షించాడు. పాము మెడకు పచ్చలహారం వేసి, పెట్టెలో రాళ్లు పరిచి, నెలల తరబడి చూశాడు. దానికేమీ కాలేదని రాశాడు. రాయి మహిమను పరీక్షించి చూడాలన్న ఆలోచన కూడా వెయ్యేళ్ల నాటిది.

చట్టమూ ఉంది. 1954 నాటి మందులు, మాయచికిత్సల చట్టం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివి ఫలానా రోగాన్ని మాన్పుతాయని ప్రకటించడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో షుగరు ఉంది. కానీ ఆ గుడ్డ ముందు నిలబడిన ఆవిడకు చట్టం తెలియదు. ఆమెకు తెలిసింది తన పుండు ఒక్కటే.

"అమ్మా, ఆ మాత్రలు ఆపారా?" అని అడగండి. ఆమె కొంగు సర్దుకుని, రెండు నెలలైందంటుంది.

అప్పుడామెను మాచర్ల బస్సు ఎక్కించండి. మాచర్ల ఇక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పగడం మీద ఇష్టముంటే కొనుక్కోనివ్వండి, పెట్టుకోనివ్వండి. మందు మాత్రం ఆపొద్దని, పుండుకు ఈరోజే కట్టు కట్టించుకోమని చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా భస్మం వాడుతుంటే సీసా తీసి చూడండి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. అవి లేనిది పారేయండి. ఉన్నదైనా వాడుతున్నట్టు మీ డాక్టరుకు చెప్పి, ఏడాదికోసారి కిడ్నీ పరీక్ష చేయించండి.